మరుగునపడ్డ రచయిత్రుల రీడథాన్: వెనకున్న వెతుకులాట

గాయని బెంగుళూరు నాగరత్నమ్మ చేతికి వచ్చేనాటికి ‘రాధికా సాంత్వనము’ కావ్యం అచ్చుకాని పుస్తకమేమీ కాదు. పైడిపాటి వెంకటనరసు 1887లోనే దాన్ని అచ్చు వేయించారు. అయితే తాళపత్ర ప్రతితో పోల్చి చూస్తే ఆ అచ్చుపుస్తకంలో కొన్ని భాగాలు లేవు. కవయిత్రి ముద్దుపళని తన గురించీ, తన వంశం గురించీ చెప్పుకున్న పీఠిక కూడా ఎగిరిపోయింది. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో, 18వ శతాబ్దంలో, 584 పద్యాల కావ్యం రాసిన మనిషి పేరు మిగిలింది గానీ ఆమె మాట పోయింది. నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించారు. అప్పటికే కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ముద్దుపళనిని తిట్టిపోసి ఉన్నారు. మగకవులకు తప్పుకాని శృంగారం ఈమెకు మాత్రమే ఎందుకు తప్పయిందని నాగరత్నమ్మ తన ముందుమాటలో నిలదీశారు. 1911లో మద్రాసు పోలీసులు ప్రతుల్ని పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న 1946–47 కాలంలో గానీ నిషేధం తొలగలేదు. వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేసింది 1952లో.

మరుగునపడ్డ రచయిత్రుల పుస్తకాలతో రీడథాన్ (వేళ పెట్టుకుని పట్టుగా చదవడం) పెట్టుకుందాం అనుకునేవాళ్లకు ఈ కథ ముందు తెలియాలి. పుస్తకం ఊరికే మరుగునపడదు. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు చులకన చేస్తారు, ఒకరు జప్తు చేస్తారు. అది తిరిగి వెలుగు చూసిన ప్రతిసారీ, ప్రతి చేతిలో పెట్టుకుని ఓపిగ్గా చదివిన పాఠకురాలో పాఠకుడో ఒకరు కనిపిస్తారు.

నిషేధం దాకా వెళ్లిన పుస్తకాలు తక్కువే. మిగతావి చప్పుడు లేకుండా జారిపోయాయి. భండారు అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది. తొలి ఆధునిక తెలుగు కథగా చెప్పుకునే గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. ఆధునిక కథ లక్షణాలు దేనిలో ఎన్ని ఉన్నాయన్నది వేరే చర్చ. ఆ చర్చలోకి అచ్చమాంబ పేరు రావడానికే దశాబ్దాలు పట్టింది కదా, అసలు సంగతి అది. 1905లో, ముప్పై దాటీ దాటకుండానే ఆమె చనిపోయారు. కథలు పుస్తకంగా కుట్టి ఉంటే గ్రంథాలయంలో ఎక్కడో ఒక అరలో మిగిలేవి. పత్రిక సంచికల్లోనే ఉండిపోయినవాటి బతుకు ఆ సంచికలు ఉన్నన్నాళ్లే.

దీనికి తలకిందులైన సంగతి 1950ల తర్వాత జరిగింది. రంగనాయకమ్మ, లత, మాలతీ చందూర్, వాసిరెడ్డి సీతాదేవి, ద్వివేదుల విశాలాక్షి, యద్దనపూడి సులోచనారాణి రాస్తున్న కాలంలో వారపత్రికలు సీరియళ్ల మీదే నడిచాయి. మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాయడం కూడా అప్పటి ముచ్చటే. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘పురాణం సీత’ అయింది అలాగే. (జార్జ్ ఎలియట్ అనే మగపేరు వెనక మేరీ ఆన్ ఎవాన్స్ దాక్కోవలసి వచ్చిన దేశం వాళ్లకు ఇది చెబితే నమ్మరు.) అంత గిరాకీ ఉన్నా, పెద్ద పేర్లను పక్కన పెడితే ఆ తరంలో చాలామంది ఈవేళ దొరకరు. ‘కాలక్షేపం నవల’ అన్న ముద్ర పడితే విమర్శకుడు పట్టించుకోడు, పాఠ్యప్రణాళికలోకి పోదు, రెండో ముద్రణ ఆగిపోతుంది. నిషేధం కంటే ఈ ముద్ర ఎక్కువ పుస్తకాల్ని మింగిందని మా అభిప్రాయం.

ఇంగ్లీషులోనూ దారి ఇలాగే సాగింది. ఫ్లోరెన్స్ హౌ 1970లో మొదలుపెట్టిన ఫెమినిస్ట్ ప్రెస్, షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892 నాటి కథ ‘ది ఎల్లో వాల్‌పేపర్’ను 1973లో విడి పుస్తకంగా తెచ్చింది. నల్లజాతి అమెరికన్ రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1960లో పేదరికంలో చనిపోతే సమాధి మీద గుర్తు కూడా లేదు; 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి పెట్టించారు, 1975లో దాని గురించి వ్యాసం రాశారు. లండన్‌లో కార్మెన్ కలీల్ 1973లో స్థాపించిన ప్రచురణ సంస్థ విరాగో, 1978లో ఆంటోనియా వైట్ నవలతో తన మోడరన్ క్లాసిక్స్ వరస ప్రారంభించింది. 1999లో పర్సెఫొనీ బుక్స్ బూడిదరంగు అట్టలతో అదే పనికి దిగింది. వీటన్నిటిలో ఆంగ్ల నవలారచయిత్రి బార్బరా పిమ్ సంగతి ఎక్కువ గుర్తుంచుకోదగ్గది, ఎందుకంటే ఆమె బతికుండగానే మరుగునపడ్డారు. ఆరు నవలలు వచ్చాక 1963లో ప్రచురణకర్త ఏడోదాన్ని తిప్పి పంపేశారు. 14 ఏళ్లు ఏమీ అచ్చు కాలేదు. రావలసినంత పేరు రాని రచయితలెవరని 1977లో ఒక లండన్ సాహిత్య వారపత్రిక అడిగితే కవి ఫిలిప్ లార్కిన్, విమర్శకుడు డేవిడ్ సెసిల్ ఇద్దరూ ఆమె పేరే చెప్పారు. ఆ ఏడాదే కొత్త నవల వచ్చి బుకర్ తుది జాబితాకు ఎక్కింది. ఇద్దరు పాఠకులు సరిపోయారు.

ఈ రెండు పాయలూ 1991లో కలిశాయి. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటాన్ని వేసింది ఫెమినిస్ట్ ప్రెస్సే. దాని ముందుమాటలో ముద్దుపళని, నాగరత్నమ్మల కథ వివరంగా ఉంది.

ఇక రీడథాన్. అది మొదట్లో విరాళాల పని: పిల్లలు ఎన్ని పుస్తకాలు చదివితే అంత సొమ్ము. అందుకే లెక్కపెట్టడం దాని రక్తంలో ఉంది. 24 గంటలు ఏకబిగిన చదివే రకం తర్వాత వచ్చింది. పాత రచయిత్రుల దగ్గర ఈ లెక్క పనికిరాదు. శనివారం రెండు విడతలు, ఆదివారం రెండు విడతలు, ఒక్కోటి గంటన్నర అనుకుంటే మొత్తం ఆరు గంటలు. మామూలు వ్యావహారిక నవల గంటకు 25–30 పేజీలు సాగితే 150–180 పేజీలు. గ్రాంథిక వచనమైతే అందులో సగం వేసుకోండి. పద్యం, నిఘంటువు పక్కన పెట్టుకుని, గంటకు పన్నెండు అనుకుంటే ‘రాధికా సాంత్వనము’ మొత్తానికి దాదాపు 49 గంటలు. కాబట్టి మొదటి ఆశ్వాసంలో ఓ నలభై పద్యాలు ఎంచుకుని మిగిలిన వేళ ఒక కథల పుస్తకానికి ఇస్తే సుఖం. అరసున్నలు, బండి ఱ, విరామచిహ్నాలు లేని పొడుగాటి వాక్యాలు మొదటి గంటలో కంటికి అడ్డొస్తాయి, తర్వాత అలవాటవుతుంది. అందుకే మొదటి విడతలోనే పుస్తకం బాగాలేదని మూసేయొద్దు.

పుస్తకం దొరకపుచ్చుకోవడమే సగం పని, అది శుక్రవారం లోపల అయిపోవాలి. డిజిటల్ గ్రంథాలయాల పట్టికల్లో తెలుగు పేర్లు రోమన్ లిపిలో తోచినట్టు రాసి ఉంటాయి. ఒకే రచయిత్రి ఒకచోట పుట్టింటి పేరుతో, ఇంకోచోట అత్తింటి పేరుతో, మరోచోట ‘శ్రీమతి’ అన్న మాట కిందే చేరి ఉంటుంది. కాబట్టి రచయిత్రి పేరుతో కాక పుస్తకం పేరుతో, అదీ మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకండి. దొరికిన స్కాన్‌ను చదవకముందే మొత్తం ఒకసారి తిప్పి చూడండి. రెండేసి పేజీలు ఒకేసారి తిరిగిపోయి మధ్యలో లేకుండా పోవడం, అంచు అక్షరాలు కోతకు పోవడం, చివరి ఫారం (కలిపి మడిచి కుట్టిన పేజీల కట్ట) ఊడిపోవడం మామూలే. నవల ముగింపు లేదని ఆదివారం రాత్రి తెలిస్తే చేసేదేం లేదు. స్కాన్‌లో పేజీ సంఖ్యా, పుస్తకం మీద అచ్చయిన సంఖ్యా కలవవు; తోటివాళ్లకు చెప్పేటప్పుడు అచ్చు సంఖ్యే చెప్పాలి.

పీఠిక చివర చదవండి. పాత పుస్తకాల్లో పెద్దమనుషులు ‘స్త్రీ అయినప్పటికీ’ అంటూ రాసిన మెచ్చుకోళ్లు చాలా ఉంటాయి. అవి చదివాక కథ చదివితే వాళ్ల కళ్లద్దాలే మన ముక్కు మీద ఉంటాయి. నాగరత్నమ్మ ముందుమాట ఒక్కటి దీనికి మినహాయింపు, దాన్ని ముందే చదవాలి.

బృందంగా చేస్తే ఎనిమిది మంది చాలు. అందరూ సులువుగా దొరికే రెండు మూడు పేర్ల మీదే పడకుండా ముందే పంచుకోకపోతే, ఎనిమిది మందీ ఒకే నవల చదివి కూర్చుంటారు. ఆదివారం సాయంత్రం ఒక గంట: మనిషికి ఐదు నిమిషాలు చొప్పున 40 నిమిషాలు, మిగతాది మాటలకు. కథాసారం చెప్పొద్దు, నచ్చిన ఒక పేరా పైకి చదవండి. ఆ గొంతు ఎలా ఉందో సారాంశంలో తెలియదు.

లేచేముందు ఒక కాగితం మీద పుస్తకం పేరు, ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు రచయిత్రి పేరు, అచ్చయిన ఏడాది, ముద్రణాలయం, పేజీలు రాసి పెట్టుకోండి. ఎక్కడైనా కనిపిస్తే ఆమె చనిపోయిన సంవత్సరం కూడా. మన దేశంలో కాపీరైటు, రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1965లో పోయినవారి రచనలు 2026 జనవరి 1 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఆ ఏడాది తెలియక, వారసులెవరో తెలియకపోతే పునర్ముద్రణకు ప్రచురణకర్త జంకుతారు. ఈ రెండు రోజుల్లో ఆ ఒక్క అంకె దొరికితే, మరో ముద్రణకు అడ్డు తొలగినట్టే.