రాణులూ, దాసీలూ, పాలగ్లాసులో విషం: చారిత్రక నవల రాసేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

చదివి పెట్టమని నా దగ్గరికి వచ్చే చారిత్రక నవలల రాతప్రతులు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. రాణిగారు అద్దం ముందు కూర్చుని ఉంటారు, చెలికత్తె జడ వేస్తూ రెండో రాణి గురించి ఏదో ఊదుతుంది, రాణిగారు నిట్టూరుస్తారు. అక్కడి నుంచి ముప్ఫై నలభై పేజీలు నిట్టూర్పులే. తర్వాత ఏం రాయాలో రచయితకి తోచదు, పాలగ్లాసులో విషం కలిపేస్తారు. అతిశయోక్తి అనుకోకండి, కథ ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు పాలు పట్టుకుని వస్తారు.

నేను విశాఖలో ఉంటూ చారిత్రక నవలలు రాస్తాను, కొత్తగా రాస్తున్నవాళ్ళ ప్రతులు చూసి పెడతాను. వీళ్ళకి రాయడం రాకపోవడం సమస్య కానే కాదు, కొందరి వాక్యం చూస్తే నాకే కుళ్ళు పుడుతుంది. వాళ్ళని ముంచుతున్నది ఒక్క నమ్మకం. ముందు దాని సంగతి చూద్దాం, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: అంతఃపురంలో ఆడవాళ్ళకి పనీపాటా లేదు, చేతిలో డబ్బు లేదు, వాళ్ళ గురించి ఆధారాలూ లేవు, కాబట్టి మొత్తం ఊహించుకుని రాయాల్సిందే.

వాస్తవం: మూడూ తప్పే. ఈ మూడూ నమ్మి రాయడం మొదలుపెట్టినవాళ్ళు రెండేళ్ళో మూడేళ్ళో పోగొట్టుకుని, "నాకు రాయడం చేతకాదు లెండి" అని నవల అటకెక్కించేస్తున్నారు. అదీ నా బాధ.

విజయనగరం సంగతే తీసుకోండి. మన పక్కనున్న విజయనగరం కాదు, హంపీ విజయనగరం (ఈ రెండూ కలిపేసి రాసిన ప్రతులు కూడా నా బీరువాలో ఉన్నాయి). అచ్యుతరాయల కాలంలో అక్కడున్న నూనిజ్ అనే పోర్చుగీసువాడు రాజమందిరంలో పనిచేసే ఆడవాళ్ళ గురించి చెప్తూ ఒక పట్టీయే ఇచ్చాడు. కుస్తీ పట్టేవాళ్ళు, జోస్యం చెప్పేవాళ్ళు, పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, తీర్పులు చెప్పేవాళ్ళు, రాత్రిపూట కాపలా కాసేవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే. లోపల అయ్యే ఖర్చుల లెక్కలన్నీ రాసేదీ ఆడవాళ్ళే. వాళ్ళు కాక ఇంకొందరు రాజ్యంలో జరిగే వ్యవహారాలన్నీ రాసి, తమ పుస్తకాల్ని బయట రాసేవాళ్ళ పుస్తకాలతో సరిచూసుకునేవాళ్ళట. ఆ ఒక్క వాక్యంలో ఎంత కథ ఉందో చూడండి. లోపలి పుస్తకం ఒకటి, బయటి పుస్తకం ఒకటి. రెండూ ఒకరోజు కలవలేదనుకోండి, అప్పుడేమవుతుంది?

ఈ మాట నేను చెప్పినప్పుడు గాజువాక నుంచి వచ్చే ఒక మేడమ్ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. ఆవిడ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా ఎప్పుడు కలిసినా ఒకటే టెన్షన్, "నేను బీకామ్ అండీ, చరిత్ర చదువుకున్నదాన్ని కాను, నేను రాయొచ్చంటారా, ఎవరైనా తప్పు పట్టుకుంటేనో?" అని. ఆవిడ నవల్లో దాసి పాత్ర అప్పటికి చేసే పనల్లా తెర పక్కన నిలబడి వినడం. ఆ పాత్రని లెక్కలు రాసే మనిషిగా మార్చేశారు. పండగ ఖర్చులో కర్పూరం పద్దు దగ్గర లోపలికి వచ్చిన తూకానికీ బయట రాసిన తూకానికీ తేడా వస్తుంది, రాత్రంతా దీపం పెట్టుకుని మొదటి నుంచి కూడుతుంది, తేడా పోదు. పైన ఉన్నావిడకి చెప్పాలా? చెప్తే, బయట రాసిన లేఖకుడు ఎవరి మనిషో? ఆ అధ్యాయం చదివాక నాకు కాఫీ చల్లారిపోయిందని కూడా తెలియలేదు. బ్యాంకులో సాయంత్రం లెక్క కలవకపోతే కడుపులో ఎలా తిప్పుతుందో ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. చరిత్ర ఎమ్మే చేసినవాళ్ళకీ తెలియదు. పాలగ్లాసు మళ్ళీ రాలేదు.

నూనిజ్ కంటే ముందు, కృష్ణదేవరాయల కాలంలోనే వచ్చిన పేస్ అనే మరో పోర్చుగీసువాడు ఇంకో సంగతి చెప్పాడు. రాయలు ఊళ్ళో లేనప్పుడు అతనికి రాజమందిరంలో కొంత భాగం చూపించారు. అందులో ఆడవాళ్ళు నాట్యం నేర్చుకునే శాల ఒకటి. గోడల మీద పలకల్లో నాట్య భంగిమలు చెక్కి ఉన్నాయట. ఏ నాట్యం చివర ఎలా నిలబడాలో మర్చిపోతే ఆ పలక చూసి గుర్తు తెచ్చుకోవడానికి. ఒక పక్కన, చేతులతో పట్టుకుని వేలాడుతూ ఒళ్ళు సాగదీసుకోవడానికి ఏర్పాటు కూడా ఉంది. ఇది పని నేర్చుకునే చోటు. చెమట వాసన వస్తుంది, మోకాళ్ళు నొప్పులు పుడతాయి, గురువుగారు తిడతారు. మన నవలల్లో మాత్రం నర్తకి పుట్టుకతోనే నర్తకి, ఘల్లుమని వచ్చేస్తుంది.

ఇలాగని మరో వైపు ఒరిగిపోవద్దు. "అయితే రాణులు మనలాగే స్వేచ్ఛగా తిరిగేవాళ్ళన్నమాట" అని రాసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. అదే పేస్, రాణుల ఇళ్ళలోకి నపుంసకులు తప్ప మగవాడు అడుగుపెట్టడనీ, బయటికి వెళ్తే ఎవరికీ కనపడకుండా మూసిన పల్లకీలో వెళ్తారనీ కూడా రాశాడు. ఒక్కో రాణికీ సొంత ఇల్లు, సొంత కాపలా, సొంత పరివారం ఉండేవి, పల్లకీ తలుపు మాత్రం మూసే ఉండేది. రెండూ ఒకే మనిషి జీవితంలో ఇమడ్చడం కష్టం. కష్టం కాబట్టే చాలామంది ఏదో ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తారు. పైగా ఈ పోర్చుగీసువాళ్ళు చెప్పిందల్లా కళ్ళారా చూసింది కాదు, అంతఃపురం గురించి చాలావరకు విన్నదే. అంకెలు మరీ గుడ్డిగా నమ్మకండి. 1900లో రాబర్ట్ సీవెల్ పుస్తకంలో ఇద్దరి రాతలూ ఇంగ్లీషులో వచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోయే చదువు.

ఇక డబ్బు. 1513లో రాయలు మొదటిసారి తిరుమల వెళ్ళినప్పుడు ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామికి పాలు ఆరగింపు పెట్టడానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. ఎవరి పేరున వాళ్ళ శాసనం. 1516లో ఒరిస్సా గజపతుల మీద దండయాత్రలో భాగంగా సింహాచలం వచ్చినప్పుడు రాయలు తల్లి నాగలాదేవి, తండ్రి నరసానాయకుల పుణ్యం కోసం 991 ముత్యాల హారం సమర్పించాడు. అక్కడా రాణులిద్దరి కానుకలు ఉన్నాయి. సవతుల పోరు రాయాలని అంత సరదాగా ఉంటే విషం ఎందుకండీ? ఇద్దరూ చెరొక గిన్నె ఇచ్చారు. ఎవరి గిన్నె బరువెంత ఉండాలో ఎవరు నిర్ణయించారు? ముందు ఎవరి శాసనం చెక్కాలి? శిల్పి ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరూ తేల్చడం లేదు. అదీ దృశ్యమంటే. పోరు అంతా ఆ మర్యాదల కొలతలోనే జరుగుతుంది, అరుపులతో పనే లేదు.

ఆ సింహాచలం కొండ మీదే, అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందు, గుంటూరు ప్రాంతాన్ని ఏలిన వెలనాటి గొంకరాజు భార్య స్వామి విగ్రహానికి బంగారు తొడుగు చేయించిందని ఇంకో శాసనం ఉంది. పన్నెండో శతాబ్దపు ఆడమనిషి. బంగారం ఎక్కడిది, కంసాలి ఎవరు, అంత దూరం ఎవరు మోసుకొచ్చారు, దేనికి మొక్కుకుంది? ఆధారాలు లేవంటారేంటి! మనిషి దేనికి ఖర్చుపెట్టిందో తెలిస్తే ఆ మనిషి సగం తెలిసినట్టే. కాకపోతే మనం రాణి కళ్ళు ఎలా ఉన్నాయో వెతుకుతున్నాం, శాసనంలో అది దొరకదు.

ఆధారాలకి ఢిల్లీయో లండనో పోవాలనేవాళ్ళకి కూడా ఇదే జవాబు. సింహాచలం శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) ఆరో సంపుటంలో అచ్చయ్యాయి. శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలు ఐదో సంపుటంలో చూడండి. జమీందారీ కాలం రాసేవాళ్ళకైతే కాగితాలకి కొదవే లేదు, ఎందుకంటే ఆ కుటుంబాలు వారసత్వం కోసం కోర్టుల చుట్టూ తిరిగాయి. మన విజయనగరంలో 1897లో ఆనంద గజపతి పోయాక సంస్థానం వారసత్వం మీద పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఆయన చెల్లెలు, రీవా మహారాణి అప్పలకొండమాంబ దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నది ఎవరనుకున్నారు, గురజాడ అప్పారావుగారే. ఆవిడ చుట్టూ వకీళ్ళు, అర్జీలు, దత్తతలు, టెలిగ్రాములు. ఒక నవలకి ఇంతకంటే ఏం కావాలి? ఇంత దగ్గర్లో పెట్టుకుని మళ్ళీ అద్దం ముందు జడ!

ఇక మిగతావి.

సొరంగాలు. ప్రతి కోటకీ ఒక సొరంగం, అందులోంచి రాణిగారు రోజూ గుడికో చెరువుకో వెళ్ళొస్తారు. వాట్సాప్‌లో వచ్చింది, వాళ్ళ మావయ్యగారు చిన్నప్పుడు సగం దాకా వెళ్ళారు, లోపల గాలి ఆడక వెనక్కి వచ్చేశారు. ప్రతి ఊళ్ళోనూ ఆ మావయ్యే, ఆ సగం దూరమే. దయచేసి నాకు పంపకండి.

హంపీలో లోటస్ మహల్, జెనానా, క్వీన్స్ బాత్ అని బోర్డులు చూసి రాణుల దినచర్య రాసేయడం. ఆ పేర్లు తర్వాతి కాలంలో పెట్టినవి. రాణులు అక్కడే ఉన్నారని, అక్కడే స్నానం చేశారని వాటిని బట్టి చెప్పలేం.

రుద్రమదేవి వంటశాలలో మిరపకాయ పోపు. మిరప, టమాటా, బంగాళదుంప, జీడిపప్పు అన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ళు వచ్చాక వచ్చినవి. పదమూడో శతాబ్దంలో కారం కావాలంటే మిరియాలే. వంట దృశ్యం ఎంత బాగా రాసినా ఎర్ర మిరపకాయ కనపడగానే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. అలాగే "ఐదు నిమిషాల్లో వస్తాను" అనిపించకండి. గడియలూ జాములూ ఉన్నాయి కదా.

రుద్రమదేవి అనుకోగానే గుర్తొచ్చింది. ఆవిడ గణపతిదేవుడి కూతురు. మార్కో పోలో మాత్రం భార్య అనుకుని విధవరాణి అని రాసేశాడు, ఇప్పటికీ అది ఎత్తి రాసేవాళ్ళున్నారు. ఆవిడ మరణం విషయంలో పాత పుస్తకాల్లో 1295 దాకా పాలించినట్టు ఉంటుంది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం బయటపడ్డాక అది 1289 అని తేలింది. ఆ శాసనం వేయించింది రాజబంధువులు కారు, ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి. పాత పుస్తకం ఒక్కటే చూసి తేదీ వేయకండి.

ఆడవాళ్ళకి చదువు లేదనేది ఇంకొకటి. విజయనగర యువరాజు కంపరాయల భార్య గంగాదేవి, భర్త మధుర (ఇప్పటి మదురై) దండయాత్ర మీద సంస్కృతంలో కావ్యం రాసింది, అందులో మన తిక్కననీ తలుచుకుంది. తంజావూరులో విజయరాఘవ నాయకుడు కవయిత్రి రంగాజమ్మకి కనకాభిషేకం చేశాడు. అందరూ చదువుకున్నారని కాదు, మీ నాయిక చదువుకుంటే విడ్డూరం కాదని చెప్తున్నాను.

బట్టలూ నగలూ సీరియల్ చూసి రాయకండి. లేపాక్షి కప్పు మీద బొమ్మలు చూడండి, చీర అంచులు, కొప్పులు అన్నీ కనపడతాయి. నగలు ఒంటి మీద గాలిలా ఉండవు కూడా. మహర్నవమి ఊరేగింపులో కొందరు స్త్రీలు ఆ బంగారం బరువు మోయలేకపోతే పక్కన ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నడిపించారని పేస్ రాశాడు.

చివరిగా భయం. "వాళ్ళ వంశంవాళ్ళు ఊరుకుంటారా, మా కులపోళ్ళు ఏమంటారో" అని అడిగేవాళ్ళని చూసి నవ్వను, ఆ భయం ఉత్తిది కాదు, నాకూ కోపంగా ఉత్తరాలు వచ్చాయి. తెలిసిన సంగతుల్ని మార్చకండి. ఊహించినదంతా రాణికి అంటగట్టే బదులు లెక్కలావిడకో, కాపలామనిషికో, నాట్యం నేర్పేవాళ్ళకో ఇచ్చి కథ వాళ్ళ కళ్ళతో నడపండి. పుస్తకం చివర ఏది శాసనం, ఏది నా కల్పన అని రెండు పేజీలు రాయండి. అంతకు మించి ఎవరి నోరూ మనం మూయించలేం.

సింహాచలం వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు ఆ ఆరో సంపుటంలో శాసన పాఠం చేత్తో రాసుకుని పట్టుకెళ్ళండి, అక్కడికక్కడ రాయి మీద చదవడం మనవల్ల కాదు, అక్షరాలు అలవాటు కావాలి. మామూలు రోజు, పొద్దున్నే వెళ్ళండి. చందనోత్సవం రోజు మాత్రం వద్దు, ముందున్నవాళ్ళ వీపు తప్ప ఇంకేం కనపడదు.