ఫ్రెంచి పేర్లు: అర్థం సరే, పెట్టనిచ్చేదెవరు?

మా పెద్దమ్మ కూతురు లియోన్‌లో ఉంటుంది. దానికి పాప పుట్టినప్పుడు ఇక్కడ మా పెద్దమ్మ పంచాంగం చూపించి, నక్షత్రానికి ఏ అక్షరం వస్తుందో తేల్చుకుని, ఇరవై ఒకటో రోజు బారసాలకు ముహూర్తం పెట్టించే పనిలో ఉండగానే అక్కడ మునిసిపల్ ఆఫీసువాళ్ళు పేరు అడిగేశారు. ఫ్రాన్స్‌లో బిడ్డ పుట్టిన 5 రోజుల్లోగా పేరుతో సహా నమోదు చేయించాలి. 2016 దాకా అయితే 3 రోజులే. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. బియ్యంలో రాయాల్సిన పేరు వాట్సాప్‌లో తేలిపోయింది.

ఆ వారమంతా నేను నెట్‌లో ఫ్రెంచి పేర్ల జాబితాలు తిరగేశాను. ఎక్కడ చూసినా పేరు, పక్కన అర్థం, అంతే. అర్థాలు బాగానే ఉంటాయి. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకైతే సగం మంది పాత పరిచయస్తులే: ఝాన్ అంటే మన యోహాను, పియెర్ అంటే పేతురు, ఝాక్ అంటే యాకోబు, ఎతియెన్ అంటే స్తెఫను. మిగతావాటిలో కొన్ని, ఆ దేశానికి పేరిచ్చిన ఫ్రాంకులనే జర్మానిక్ తెగ తెచ్చిన యుద్ధపు పేర్లు. లూయీలో ఒక ముక్కకు కీర్తి, ఇంకో ముక్కకు పోరు అని అర్థం. గియోమ్‌లో సంకల్పమూ శిరస్త్రాణమూ ఉన్నాయి. మతిల్ద్ అని ముద్దుగా పిలిచే ఆడపిల్ల పేరులోనూ బలం, యుద్ధం. గ్రీకు నుంచి వచ్చిన క్లోయె ఒక్కటే కాస్త నెమ్మదైనది, లేత చిగురు అని దాని అర్థం.

అయితే ఏ తరం చూసినా అవే ఝాన్‌లు, అవే పియెర్‌లు, అవే మరీలు ఎందుకు కనిపిస్తారన్నది ఈ జాబితాలు చెప్పవు. అభిరుచి ఒక్కటే కాదు కారణం, 190 ఏళ్ళ పాటు ఒక చట్టం కూడా ఉంది.

అసలు దేశమంతటా పేర్లు రాసిపెట్టాలనే నియమం 1539లో మొదలైంది. రాజు మొదటి ఫ్రాన్స్వా విలేర్-కొత్రే అనే ఊళ్ళో ఒక శాసనం చేసి, చర్చి ఫాదర్లందరూ బాప్తిస్మాల రిజిస్టర్ పెట్టాలన్నాడు. రాసేది ఫాదరే కాబట్టి సహజంగానే సెయింట్ల పేర్లదే రాజ్యం. ప్రొటెస్టెంట్లు మాత్రం పంతానికి అన్నట్టు అబ్రహాం, ఇస్సాకు లాంటి పాత నిబంధన పేర్లు పెట్టుకునేవాళ్ళు. 1792 సెప్టెంబరులో విప్లవ ప్రభుత్వం ఆ పనిని చర్చి నుంచి లాక్కుని మునిసిపాలిటీలకు ఇచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేవు. పిల్లలకు బ్రూటస్ అని పెట్టారు, స్వేచ్ఛ అనే అర్థంలో లిబర్తే అని పెట్టారు. విప్లవకారులు తెచ్చిన కొత్త క్యాలెండర్‌లో రోజుకో సెయింట్ బదులు రోజుకో మొక్కో, జంతువో, పనిముట్టో ఉండేది. క్యారెట్‌కు కూడా ఒక రోజుంది, నిజంగానే.

ఈ సందడి చూసి విసిగినవాళ్ళు 1803 ఏప్రిల్ 1న చట్టం తెచ్చారు, అప్పటికి నెపోలియన్ బోనపార్ట్ ఫస్ట్ కాన్సుల్ అనే హోదాలో దేశాన్ని ఏలుతున్నాడు. వాడుకలో ఉన్న క్యాలెండర్లలోని పేర్లు, ప్రాచీన చరిత్రలోని ప్రసిద్ధుల పేర్లు, ఈ రెండే చెల్లుతాయి. ఇంకేది చెప్పినా గుమాస్తా రాయకూడదు. తమాషా ఏమిటంటే సెయింట్లను తీసేసిన ఆ విప్లవ క్యాలెండర్ ప్రకారమే ఈ చట్టానికి తేదీ వేశారు, పదకొండో సంవత్సరం జెర్మినల్ నెల 11 అని.

క్యాలెండర్ అంటే వాళ్ళకు మన ఇళ్ళల్లో గోడకు తగిలించే తిథుల క్యాలెండర్ లాంటిదే. ఏడాది చివర్లో పోస్ట్‌మ్యాన్ ఇంటింటికీ తిరిగి క్యాలెండర్ ఇస్తాడు, తీసుకున్నవాళ్ళు తోచినంత చేతిలో పెడతారు, మన దసరా మామూలు మాదిరే. అందులో ప్రతి తేదీ పక్కనా ఒక పేరుంటుంది. ఆగస్టు 25 లూయీది, నవంబరు 11 మార్తాన్‌ది. ఆ రోజున ఆ పేరున్నవాళ్ళకు శుభాకాంక్షలు చెప్పడం ఇప్పటికీ ఉంది.

చట్టం దెబ్బ గట్టిగా తగిలింది బ్రెటన్లకు. దేశానికి పడమటి కొసన ఉన్న బ్రిటనీలో సెల్టిక్ భాష మాట్లాడతారు, అక్కడి పేర్లు చాలావరకు క్యాలెండర్‌లో లేవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 12 మంది పిల్లలున్న ఒక బ్రెటన్ కుటుంబంలో కొందరి పేర్లు రాయడానికి ఒప్పుకోలేదు. తల్లిదండ్రులేమో పేర్లు మార్చేది లేదన్నారు. దాంతో ఆ పిల్లలు రిజిస్టర్ దృష్టిలో పుట్టనేలేదు, కాబట్టి సర్కారు ఇచ్చే పిల్లల భత్యం కూడా లేదు. ఆ గొడవ ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. 1966లో మంత్రిత్వ శాఖ ప్రాంతీయ పేర్లను, పురాణాల పేర్లను రానివ్వమని గుమాస్తాలకు సూచన పంపింది. అయినా 1983లో ఒక జంట కూతురికి ఫ్లర్ ద మరీ అని పెట్టబోతే కుదరదన్నారు, మధ్యలో ‘ద’ తీసేస్తే సరేనన్నారు. వాళ్ళు స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 1996లో ఓడిపోయారు. ఆ ‘ద’ ఎవరికి అడ్డమొచ్చిందో నాకైతే అర్థం కాలేదు.

వాళ్ళు ఓడిపోయేనాటికి చట్టమే లేదు. 1993 జనవరి 8న దాన్ని ఎత్తేసి ఎంపికను తల్లిదండ్రులకు వదిలేశారు. 1993లో ఇలా వదిలేయడం వల్లే విదేశీ పేర్లు వచ్చిపడ్డాయని అక్కడ కొందరు అంటుంటారు, అది తప్పు. ఐరిష్ నుంచి అమెరికా సినిమాలు, సీరియళ్ళ మీదుగా వచ్చిన కెవిన్ 1991లోనే నంబర్ వన్, అంటే పాత చట్టం కాగితం మీద ఇంకా బతికుండగానే. గుమాస్తాలు అప్పటికే చేతులెత్తేశారు.

ఇప్పుడు గుమాస్తా పేరు రాయకుండా ఆపలేడు, రాసుకుని, బిడ్డకు నష్టమనిపిస్తే ప్రాసిక్యూటర్‌కు చెప్పొచ్చు, ఆపైన జడ్జి తేలుస్తాడు. వలాన్సియెన్ అనే ఊళ్ళో పాపకు, రొట్టె మీద రాసుకునే చాక్లెట్ క్రీమ్ పేరు నుతెల్లా అని పెడితే జడ్జి నుతె కొట్టేసి ఎల్లా అని ఉంచాడు. ఇంటిపేరు రెనో అయిన ఒక జంట కూతురికి, రెనో కార్ల కంపెనీవాళ్ళ కారు పేరు మెగాన్ అని పెడితే మాత్రం 2000లో రెన్ అప్పీలు కోర్టు ఒప్పుకుంది. రాజకీయం వేరే ఉంది: 2022 అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డ ఎరిక్ జెమూర్ 1803 నాటి పద్ధతి మళ్ళీ తెస్తానన్నాడు, మొహమ్మద్ అని పెట్టనివ్వనన్నాడు. తొలి విడతలో ఆయనకు 7 శాతం ఓట్లు వచ్చాయి. ఈలోగా క్యాలెండర్లు కాదన్న బ్రెటన్ పేర్లలో మాయెల్ దేశమంతటా మగపిల్లల పేర్లలో మొదటి వరసకు ఎక్కింది.

అయినా బ్రెటన్లకు తిప్పలు తీరలేదు. 2017లో కెంపేర్‌లో ఒక బాబుకు ఫాన్ష్ అని పెట్టారు. ఆ పేరులో న అక్షరం నెత్తిన టిల్డె అనే చిన్న వంకర గీత ఉంటుంది. 2014 సర్క్యులర్ ఒప్పుకున్న గుర్తుల్లో ఆ గీత లేదు కాబట్టి కింది కోర్టు కుదరదంది. మరుసటేడు రెన్ కోర్టు, ఈ గుర్తు ఫ్రెంచికి తెలియనిదేమీ కాదని చెప్పి సరేనంది, 2019లో పై కోర్టుకెళ్ళిన ప్రాసిక్యూషన్ అప్పీలూ నిలవలేదు. ఇంతకీ ఫాన్ష్ అనేది ఫ్రాన్స్వాకు బ్రెటన్ రూపం. 1539లో ఆ రిజిస్టర్లు మొదలుపెట్టించిన రాజు పేరే.