చెక్క నేల వేయడానికి పనిముట్లు: ఏవి కొనాలి, ఏవి అద్దెకు తేవాలి

చిరంజీవులిద్దరికీ ఆశీస్సులు.

న్యూజెర్సీలో మీరు కొన్న ఇంట్లో కార్పెట్ తీసివేసి, హాలులోనూ రెండు పడక గదులలోనూ ఓక్ చెక్కతో నేల వేసుకోవాలని అనుకుంటున్నారని, పనిముట్లు కొనడమా అద్దెకు తెచ్చుకోవడమా అన్న దగ్గర మీ ఇద్దరికీ మాట కలవడం లేదని మీ నాన్న చెప్పాడు. మీలో ఒకరు అన్నీ కొందామని, మరొకరు అన్నీ అద్దెకు తెద్దామని పట్టుబట్టి ఉంటారు. ఒక్కొక్క పనిముట్టును విడిగా తీసుకుని, అది మీ దగ్గర ఎన్ని రోజులు ఉండవలసి వస్తుందో, ఈ పని అయిపోయాక దానితో మరేం పని ఉంటుందో చూస్తే తప్ప ఈ లెక్క తేలదు.

దానికన్నా ముందు కార్పెట్ మూల ఒకటి ఎత్తి కింద ఏముందో చూడండి. నేలమాళిగ ఉన్న ఇళ్ళలో సాధారణంగా చెక్క దూలాల మీద ప్లైవుడ్ పరిచి ఉంటుంది కనుక ముప్పాతిక అంగుళం మందం ఉన్న గట్టి చెక్కను మేకులతో బిగించవచ్చు. డాలస్ వైపు మనవాళ్ళ ఇళ్ళు ఎక్కువగా కాంక్రీటు పలక మీద కట్టినవి. అక్కడ ఇంజనీర్డ్ చెక్కను, అంటే పలుచని చెక్క పొరలు అతికించి చేసిన పలకలను, జిగురుతో అతికించడమో, అతికించకుండా పరచడమో చేస్తారు. అందువల్ల అక్కడివారు ఇచ్చే పనిముట్ల జాబితా మీకు పనికిరాదు.

కింద ప్లైవుడ్ ఉంటే మీ పనికి ప్రధానమైనది ఫ్లోరింగ్ నెయిలర్, అంటే నేల పలకలకు మేకులు దించే యంత్రం. ప్రతి పలకకూ ఒక అంచున నాలుకలా పొడుచుకు వచ్చిన భాగం, రెండవ అంచున గాడి ఉంటాయి. నెయిలర్ ఆ నాలుక మీదుగా మేకును ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో, ప్లైవుడ్‌లోకి దింపుతుంది. తరువాతి పలక గాడి వచ్చి మేకు తలను కప్పేస్తుంది. రెండుంపావు అంగుళాల వెడల్పు పలకలకు 8 నుంచి 10 అంగుళాలకు ఒక మేకు చొప్పున కొట్టాలి. 8 అంగుళాల లెక్కన చదరపు అడుగుకు 8 మేకులు, 300 చదరపు అడుగుల గదికి 2,400 మేకులు అవుతాయి. సుత్తి దెబ్బ బలంతోనే మేకు దించే నెయిలర్ కూడా దొరుకుతుంది కానీ, అన్ని దెబ్బలు కొట్టాక మీ భుజాలు ఏమవుతాయో ఆలోచించండి. కంప్రెసర్ గాలితో పనిచేసేదే తీసుకోండి.

ఈ నెయిలర్‌తో నేల వేయడం తప్ప మరో పని జరగదు. మన ఊళ్ళో పెళ్ళికి గుండిగలు ఎవరూ కొనరు, టెంట్ హౌస్ నుంచి తెచ్చుకుంటారు. దీని సంగతీ అంతే. అయితే అద్దె రోజుల లెక్కన నడుస్తుంది కనుక మీ పని ఎలా సాగుతుందన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. రోజు అద్దె 50 డాలర్లు, కొత్త నెయిలర్ ధర 200 డాలర్లు అనుకుందాం. వరుసగా మూడు రోజులు సెలవు పెట్టి పని ముగించగలిగితే అద్దే చవక. మీ ఉద్యోగాల తీరు చూస్తే శనివారాలు మాత్రమే తీరిక దొరికేటట్టు ఉంది. గదికి రెండు శనివారాల చొప్పున లాగితే ఆరు రోజుల అద్దె 300 డాలర్లు అవుతుంది. అప్పుడు కొనుక్కోవడమే లాభం. వారం అద్దె చాలా చోట్ల నాలుగు రోజుల అద్దెకు అటూ ఇటూగా ఉంటుంది కనుక దానినీ అడిగి చూడండి.

అద్దె ఎంచుకుంటే, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా పనుల వరుస తప్పినప్పుడే. యంత్రం ఇంటికి తెచ్చి, అప్పుడు కార్పెట్ పీకడం మొదలుపెట్టేవారు ఎందరో. పాత మేకులూ పిన్నులూ లాగివేయడం, ప్లైవుడ్ ఎత్తుపల్లాలు సరిచేయడం, ద్వారబంధాల అడుగు కోయడం, దారంతో గీత కొట్టడం, పలకలను వరుసగా పేర్చి చూసుకోవడం, ఇవన్నీ ముందే ముగియాలి. చెక్కను ఇంట్లోకి తెచ్చి గది గాలికి అలవాటు పడనివ్వాలి. తేమ కొలిచే మీటరుతో చూసినప్పుడు ఇలాంటి తక్కువ వెడల్పు పలకలకూ ప్లైవుడ్‌కూ మధ్య తేమ తేడా 4 శాతానికి మించకూడదు. మీటరు మాత్రం కొనండి, ఎందుకంటే అది ఒక రోజు చూసి తిరిగి ఇచ్చేసే వస్తువు కాదు. గోడ పక్కన మొదటి వరుసలకు ఈ నెయిలర్ పట్టదు, వాటిని పైనుంచి సన్నని మేకులతో బిగించాలి. కాబట్టి ఆ వరుసలు కూడా పూర్తయిన మరునాడు ఉదయం అద్దె దుకాణానికి వెళ్ళండి.

కంప్రెసర్ విషయంలో నా అభిప్రాయం వేరు. ఒక్క నెయిలర్‌కు 6 గ్యాలన్ల ట్యాంకు ఉన్న చిన్నది సరిపోతుంది, తరువాత కారు టైర్లకూ గోడ అంచు పట్టీలు కొట్టే చిన్న నెయిలర్‌కూ అదే పనికి వస్తుంది. కొనేయండి. పలకలను అడ్డంగా కోసే మైటర్ సా కూడా కొనదగినదే. సొంత ఇల్లు ఉన్నవారికి దాని అవసరం పడుతూనే ఉంటుంది. చివరి వరుసను నిలువునా చీల్చడానికి మాత్రమే టేబుల్ సా (బల్లకు అమర్చిన రంపం) కొనడం దండగ. అలవాటు లేని చేతికి అది ప్రమాదకరం కూడా, కనుక వాడడం తెలిసిన స్నేహితుడి చేత కోయించుకోండి. మోకాళ్ళ ప్యాడ్లు, చెవులకు రక్షణ, కళ్ళద్దాలు, గోడ దగ్గర పలకను లాగే ఇనుప పట్టీ వంటివి చవక. వాటి గురించి చర్చ అనవసరం.

పాలిష్ ముందే వేసి వచ్చిన చెక్క కొంటే ఇసుకకాగితం యంత్రంతో పని ఉండదు. పాలిష్ లేని చెక్క కొన్నట్లయితే నేలను నున్నగా అరగదీసే ఆ యంత్రం, డ్రమ్ శాండర్, కావాలి, దాన్ని అద్దెకే తేవాలి. అది బరువైనది, ఒక్క క్షణం ఒకేచోట ఆగితే నేలలో గుంట పడుతుంది. మొదటిసారి చేస్తున్న మీకు ముందే పాలిష్ చేసిన చెక్కనే చెబుతాను.

కొన్ని ఊళ్ళలో గ్రంథాలయాలే పనిముట్లు అరువిస్తాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రజా గ్రంథాలయం 1979 నుంచి ఇస్తోంది. మీ ఊళ్ళోనూ అటువంటి ఏర్పాటు ఏమైనా ఉందేమో విచారించండి.

దుకాణంలో సంతకం పెట్టే ముందు నెయిలర్‌కు గాలి గొట్టం తగిలించి చూపించమనండి. గాలి కారుతున్న చప్పుడు వినిపించినా, పలక మీద ఆనే అడుగుభాగం అరిగి గీతలు పెట్టేలా ఉన్నా మరొకటి అడగండి. మేకులు అద్దెలో కలిసి రావు, వేరుగా కొనాలి. ఆ యంత్రం 16 గేజి మేకులు తీసుకుంటుందా, 18 గేజివా అని చూసి మరీ కొనండి. గేజి సంఖ్య పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుంది. ఆలస్యపు రుసుము ఏ గంట నుంచి మొదలవుతుందో, యంత్రం చెడిపోతే ఎవరు భరించాలో కాగితంలో చదవండి. ఇంటికి తెచ్చాక ముందు ఒక పనికిరాని ముక్క మీద కొట్టి, మేకు తల నాలుకలో సరిగ్గా కూర్చునేదాకా గాలి ఒత్తిడి సవరించుకోండి.

మూడు గదుల కొలతలూ, మీరు ఎంచిన పలకల వెడల్పూ రాసి పంపితే మేకుల లెక్క నేను కట్టి పంపుతాను.

మీ పెదనాన్న