అండాశయంలో హార్మోన్లకు పగ్గాలు వేసే ప్రొటీన్లు

రక్తంలో ఏ హార్మోను ఎంత ఉందో పరీక్షించి ఆరోగ్యాన్ని అంచనా వేయడం మనకు అలవాటు. అయితే స్త్రీల రక్తంలో తిరిగే ఎస్ట్రాడయాల్ అనే స్త్రీ హార్మోనులో స్వేచ్ఛగా ఉండేది నూటికి దాదాపు 2 వంతులే. మిగిలినదంతా అల్బుమిన్, ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. ఇలాంటి ప్రొటీన్లను వట్టి మోతగాళ్లుగా చూడటం పొరపాటని అండాశయం మనకు గట్టిగానే చెబుతుంది.

ఫోలిస్టాటిన్‌నే తీసుకోండి. ఆవులు, పందుల అండపుటికల్లోని (అండం పెరిగే చిన్న సంచులు, ఫోలికల్స్) ద్రవం నుంచి దీన్ని 1987లో వేరుచేశారు. పిట్యూటరీ గ్రంథి నుంచి, ఫోలికల్స్‌ను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను విడుదలను తగ్గిస్తుంది కనుక ఆ పేరు పెట్టారు. అది యాక్టివిన్ అనే హార్మోనును పట్టుకుంటుందని 1990లో తేలింది. రెండు ఫోలిస్టాటిన్ అణువులు ఒక యాక్టివిన్‌ను చుట్టుముట్టి, కణంపై ఉండే గ్రాహకానికి అతుక్కునే దాని భాగాలను కప్పేస్తాయి. ఆ పట్టు ఒక పట్టాన విడదు.

ఆడ ఎలుక పిండంలో ఈ పట్టుకు చాలా విలువ ఉంది. అక్కడ డబ్ల్యూఎన్‌టీ4 అనే జన్యువు ప్రభావంతో అండాశయంలో ఫోలిస్టాటిన్ తయారవుతుంది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా, వృషణంలో మాత్రమే కనిపించవలసిన ఒక రక్తనాళం అండాశయంలో ఏర్పడుతుంది. అండాలుగా మారవలసిన బీజకణాలు పుట్టుక నాటికే చాలావరకు నశిస్తాయి. శాస్త్రవేత్తలు అక్కడితో ఆగలేదు. డబ్ల్యూఎన్‌టీ4 లేని ఎలుకల్లో యాక్టివిన్-బి తయారీకి అవసరమైన జన్యువును కూడా తొలగించి చూశారు. ఆ రక్తనాళం రాలేదు, బీజకణాలు బతికాయి. దెబ్బ కొట్టింది అదుపు తప్పిన యాక్టివినేనని ఇంత సూటిగా చూపిన ప్రయోగమంటే నాకు ఎంతో గౌరవం. హార్మోనును ఆపి ఉంచడం కూడా అవయవ నిర్మాణంలో భాగమే.

ఎదిగిన అండాశయంలో దీనికి తిరగబడిన పని జరుగుతుంది: అక్కడ పట్టు సడలాలి. ఆవులో ఒకేసారి అనేక అండపుటికలు పెరగడం మొదలుపెడతాయి, సాధారణంగా వాటిలో ఒక్కటే ముందుకు సాగుతుంది. వ్యాసం సుమారు 8.5 మిల్లీమీటర్లకు చేరిన దశలో అది మిగతావాటిని దాటిపోతుంది. పుటికల ద్రవంలో ఐజీఎఫ్ అనే, కణాల పెరుగుదలకు తోడ్పడే హార్మోనును ఐజీఎఫ్‌బీపీ-4 అనే ప్రొటీను బంధించి ఉంచుతుంది. నెగ్గబోయే పుటికలో, పరిమాణంలో తేడా కనబడకముందే, ఒక ఎంజైము ఈ ప్రొటీనును కత్తిరిస్తుంది. విడుదలైన ఐజీఎఫ్ వల్ల ఆ పుటిక కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్‌కు మరింత బాగా స్పందిస్తాయి. ఆ తర్వాత రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గినా అది నిలబడుతుంది, మిగతావి క్షీణిస్తాయి.

ఆ ఎంజైము పేరు పాప్-ఏ. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో చేసే డబుల్ మార్కర్ పరీక్ష నివేదికలో ఈ పేరు చాలామంది చూసే ఉంటారు. దాని జన్యువును తొలగించిన ఆడ ఎలుకలు గొడ్డుపోలేదు. కానీ అవి విడుదల చేసే అండాలు, ఒక్కో ఈతలో పుట్టే పిల్లలు తగ్గాయి.