మంచు ఎలుగుబంటిని చూడాలనుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఉంటూ ఉత్తర ధ్రువ ప్రాంతానికి యాత్రికులను తీసుకెళ్లడం నా వృత్తి. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అడిగేది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల గురించే. వారి మాటల్లో తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: ఇంత డబ్బు పెడుతున్నాం కాబట్టి ఎలుగుబంటిని దగ్గర నుంచి చూపించి తీరాలి.

వాస్తవం: అలా మాట ఇచ్చేవారిని నమ్మకండి. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం మార్చి 1 నుంచి జూన్ 30 వరకు ఎలుగుబంటికి కనీసం 500 మీటర్లు, మిగతా నెలల్లో 300 మీటర్ల దూరంలో ఉండాలి. వెంటపడటం, తిండి చూపి రప్పించడం నిషిద్ధం. ఈ నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వసంతంలో తల్లి ఎలుగు పిల్లలతో మంచు గుహ నుంచి బయటికి వచ్చి సీళ్లను వేటాడాలి. మన సందడికి బెదిరి వేట వదిలేస్తే పస్తులుండేది ఆ పిల్లలే.

అంత దూరం నుంచి ఏం కనిపిస్తుందని దిగులు వద్దు. మంచి బైనాక్యులర్ తీసుకెళ్లండి. తెల్లటి ఆకారం కోసం మాత్రం వెతకకండి. స్వచ్ఛమైన మంచు పక్కన దాని బొచ్చు మీగడ రంగులో, కాస్త పసుపుగా ఉంటుంది. ఆ పసుపు మచ్చ కదిలి, ముందు నల్లని ముక్కు కనిపించిందా, అదే ఎలుగు! ఆ క్షణం కోసం ఓడ పైభాగంలో గంటల తరబడి నిలబడ్డా నాకు విసుగనిపించదు.

అపోహ: మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షులు అక్కడి నుంచే వస్తాయి.

వాస్తవం: ఇక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా పక్షులు. ధ్రువ ప్రాంతపు అసలైన బాటసారి ఆర్కిటిక్ టెర్న్. వేసవిలో అక్కడ పిల్లలను పెంచి, దక్షిణ ధ్రువ సముద్రాల దాకా ఎగిరి వెళుతుంది. దాని గూడు దరిదాపుల్లోకి వెళితే నెత్తిన పొడుస్తుంది. అది దాడి చేసేది అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోటునే కాబట్టి కర్రను తలపైకి ఎత్తి పట్టుకుని, వెంటనే వెనక్కి తగ్గండి.

అపోహ: పెంగ్విన్లనూ చూడవచ్చు.

వాస్తవం: అక్కడ లేవు. వాల్రస్‌లు, రెయిన్‌డీర్‌లు, ధ్రువ నక్కలు ఉంటాయి.

అపోహ: ఒకే వేసవి యాత్రలో ఎలుగుబంటితోపాటు ధ్రువ కాంతులూ (రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగులు) చూసేయవచ్చు.

వాస్తవం: స్వాల్‌బార్డ్ ప్రధాన పట్టణం లాంగియర్‌బైన్‌లో ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 20 దాటేదాకా సూర్యుడు అస్తమించడు. చీకటి లేనిదే ఆ కాంతులు కంటికి కనిపించవు. ఓడ యాత్రలు ఎక్కువగా జరిగేది ఈ కాలంలోనే.

అపోహ: స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు.

వాస్తవం: దీవులకు అక్కర్లేని మాట నిజమే. కానీ మనం నార్వే రాజధాని ఓస్లో మీదుగా వెళ్లాలి, అందుకు షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా) కావాలి. స్వాల్‌బార్డ్ షెంజెన్ పరిధిలో లేదు కాబట్టి తిరుగు ప్రయాణంలో ఓస్లోలో దిగితే అది రెండో ప్రవేశం అవుతుంది. ఒక్కసారి ప్రవేశానికే వీసా ఉంటే అక్కడ చిక్కుల్లో పడతారు. దరఖాస్తులోనే ఒకటికి మించిన ప్రవేశాలు కోరండి, వీసా చేతికొచ్చాక అందులో ఆ వివరం చూసుకోండి.