వాయో మూతపడలేదు, చేతులు మారింది

లాప్‌టాప్‌ల మరమ్మతే నా వృత్తి. సోనీ తయారుచేసిన పాత వాయో లాప్‌టాప్ పట్టుకొచ్చేవారు అందులోని లోపం చెప్పకముందే "ఈ కంపెనీ ఇప్పుడు లేదట కదా" అంటారు. విని విని విసుగొచ్చింది.

అపోహ: సోనీ వాయోను మూసేసింది, కాబట్టి పాత లాప్‌టాప్ చెత్తతో సమానం.

వాస్తవం: మూయలేదు, అమ్మింది. 2014 ఫిబ్రవరిలో ప్రకటించి, జులై 1న పీసీ వ్యాపారాన్ని జపాన్ ఇండస్ట్రియల్ పార్టనర్స్ అనే పెట్టుబడి సంస్థ చేతికిచ్చింది. వాయో పేరుతోనే కొత్త కంపెనీ నగానో ప్రాంతంలోని అజుమినోలో, పాత కర్మాగారంలోనే, సుమారు 240 మందితో మొదలైంది. అయితే అంతకుముందు సోనీ అమ్మిన వాటి బాధ్యత సోనీ దగ్గరే ఉండిపోయింది. ఇది తెలియక కొత్త కంపెనీని అడిగి, "అవి మావి కావు" అనిపించుకుని, ఆశ వదులుకుంటున్నారు.

ఒకావిడ వాళ్ల నాన్నగారి లాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఆయన పోయి ఏడాది. ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. కంపెనీయే లేదు, డేటా రాదని ఎవరో చెప్పారట. ఎంత బాధ్యత లేని మాట! లోపల ఉన్నది మామూలు రెండున్నర అంగుళాల సాటా డిస్క్, అంటే చాలా లాప్‌టాప్‌లలో వాడే రకమే. మదర్‌బోర్డు పోయింది కానీ డిస్క్ నిక్షేపంగా ఉంది. మరో కంప్యూటర్‌కు తగిలించగానే మొదటి ఫోటో తెరుచుకుంది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేకపోయారు. డిస్క్ బాగుంటే చాలు, కంపెనీ ఎవరి చేతిలో ఉందన్నది దానికి పట్టదు.

ఒక్క జాగ్రత్త. 2010 నాటి వాయో జడ్ శ్రేణిలో కొన్నింటికి ఎస్‌ఎస్‌డీలను (చిప్‌లతో చేసిన డిస్కులను) రెయిడ్ జీరోలో, అంటే అన్నీ కలిసి ఒకే డిస్క్‌లా పనిచేసేలా, కలిపారు. డేటా ముక్కలుగా అన్నింటిలో పరచుకుని ఉంటుంది. ఒకటి విడిగా తీసి చూస్తే ఏమీ కనిపించదు. ఖాళీగా ఉందనుకుని ఫార్మాట్ చేయించకండి.

అపోహ: అడుగున ఉన్న నంబరే మోడల్ నంబరు. కాదు. చాలా వాటిలో అక్కడ పీసీజీతో మొదలయ్యేది కంపెనీ వాడుకునే లోపలి కోడ్ మాత్రమే. వీపీసీ లాంటి అక్షరాలతో మొదలయ్యే అసలు నంబరు తరచు తెర అంచు మూలలో ఉంటుంది. అడుగు నంబరు చూసి బ్యాటరీ తెప్పించుకుని, అది అమరక మళ్లీ నా దగ్గరికి వచ్చేవారు ఎందరో.

అపోహ: కొత్త వాయో అంటే పేరు అతికించిన సరుకే. 2021లో మలచిన కార్బన్ ఫైబర్‌తో ఒళ్లంతా చేసిన జడ్‌ను చేతిలోకి తీసుకుంటే ఈ మాట రాదు. 1997లో మెగ్నీషియం ఒంటితో, ఊదారంగులో వచ్చిన వాయో 505 లాప్‌టాప్‌ను చూసి అప్పట్లో జనం ఎందుకు వెర్రెత్తారో కూడా అర్థమవుతుంది. కానీ జపాన్ బయట ఈ పేరును లైసెన్సు మీద తీసుకుని ఇతరులు చేయించినవీ ఉన్నాయి.

అపోహ: సోనీ మళ్లీ కొనేసింది. లేదు. 2025లో కొన్నది నోజిమా, జపాన్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు నడిపే సంస్థ.

అందుకే మీ లాప్‌టాప్‌ను ఒకసారి తిరగేసి, తయారీదారు పేరు, కొన్న ఏడాది రాసిపెట్టుకోండి. ఫోను చేసినప్పుడు నేను మొదట అడిగేవి ఆ రెండే.