కాయిల్ కొత్తదే, మళ్లీ ఎందుకు కాలింది?

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో వేరుశనగకు తడి పెట్టే రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఊరంతా లైన్‌మన్ చుట్టూ తిరుగుతుంది. రిపేరై వచ్చినదాన్ని దిమ్మె ఎక్కిస్తారు. కొన్ని నెలలకే అది మళ్లీ పోతే, కాయిల్ చుట్టినవాణ్ణి తిడతారు. చాలాసార్లు తప్పు అతనిది కాదు.

రిపేరు షెడ్డులో పాత కాయిల్‌ను తుక్కులో వేసేముందు ఒకసారి చూడాలి. తీగకు చుట్టిన కాగితం పైనుంచి కింది దాకా ఒకే తీరున నల్లబడి, గిల్లితే పొడిగా రాలుతుంటే అది ఓవర్‌లోడ్. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి) కాయిల్‌లో లైను వైపు మొదటి చుట్లు మాత్రమే మాడితే పిడుగును అనుమానించాలి. చుట్లు పక్కకు జరిగి ఉబ్బాయంటే ఎల్‌టీ (మోటార్లకు వెళ్లే తక్కువ వోల్టేజి) లైన్లో షార్ట్. పైమూత లోపలి వైపు తుప్పు పట్టి ఉంటే నీళ్లు దిగాయి. కారణం రాసుకోకుండా కొత్త కాయిల్ ఎక్కిస్తే అదే జబ్బు మళ్లీ వస్తుంది.

ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడే అనంతపురంలో తేమ ఎక్కడిదంటారా? ట్యాంకులో కాయిళ్లు మునిగి ఉండే నూనె ఒక్కో డిగ్రీ వేడికి పదివేలలో ఏడు వంతుల లెక్కన పెరుగుతుంది. 200 లీటర్ల నూనె పగలు 40 డిగ్రీలు వేడెక్కి రాత్రి చల్లారితే ఐదు లీటర్లకు పైగా గాలి బయటికి పోయి, తిరిగి లోపలికొస్తుంది. ఆ గాలి వచ్చిపోయే గొట్టమే బ్రీదర్, అందులో కాపలా తేమ పీల్చే సిలికాజెల్ గింజలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే ఇక తేమ పీల్చవు. బ్రీదర్ అడుగు కప్పులో నూనె లేకపోయినా అవి ఊరికే పాడవుతాయి. ఆ కప్పు వైపు చూసేవాళ్లే తక్కువ.

లోపలికి చేరిన తేమ నూనెలో కొంతే ఉంటుంది, మిగిలినదంతా కాయిల్ కాగితం తాగేస్తుంది. అందుకే నూనెను మాత్రం ఫిల్టర్ చేసి, రెండు లోహపు ముక్కల మధ్య 2.5 మి.మీ. ఎడం ఉంచి చేసే పరీక్షలో 60 కేవీ (60 వేల వోల్టులు) తట్టుకుందని నిశ్చింతగా ఉంటే, కొన్నాళ్లకు ఆ అంకె పడిపోతుంది. కాగితం తన తేమను మళ్లీ నూనెలోకి వదులుతుంది మరి.

కాబట్టి రిపేరులో అసలు పని ఆరబెట్టడం. షెడ్లు తొందరపడేదీ ఇక్కడే. కోర్ (కాయిళ్ల మధ్యనుండే ఇనుప దిమ్మ), కాయిళ్లు కలిపి 100 డిగ్రీల పైచిలుకు వేడి ఓవెన్‌లో పెట్టి, గంటగంటకూ మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) రీడింగ్ రాయాలి. వేడెక్కేకొద్దీ రీడింగ్ ముందు పడిపోతుంది, కొంతసేపు కిందనే ఉంటుంది, తేమ పోయేకొద్దీ పైకి లేస్తుంది. లేచి నిలకడపడేదాకా బయటికి తీయకూడదు. 'రాత్రంతా పెట్టాం' అనే లెక్క చెల్లదు. ఆరిన కాగితం కుంచించుకుపోతుంది గనక క్లాంపు బోల్టులు వదులవుతాయి. వాటిని మళ్లీ బిగించాలి. ఇది మరిచిన కాయిల్ మొదటి షార్ట్‌కే కదిలిపోతుంది. వేడి తగ్గకముందే ట్యాంకులో దించి, ఫిల్టర్ చేసిన నూనె పోసి, కొత్త గాస్కెట్లు వేయాలి.

ఇక లోడు. 25 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు ఇవ్వగలిగింది ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ బోరు మోటారు సుమారు 8 లాగుతుంది. అంటే నాలుగు మోటార్లు, అంతే. ఐదోది కలిస్తే లోపల వేడి పెరుగుతుంది. పూర్తి లోడు వేడికి మించి ఎక్కే ప్రతి ఆరు డిగ్రీలకూ కాగితం రెట్టింపు వేగంతో ముసలిదవుతుంది. పైగా కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లను లేపుతాయి, స్టార్టింగ్‌లో ఒక్కోటి ఐదారు రెట్లు లాగుతుంది. స్టార్టర్లలో టైమర్ పెట్టి నిమిషం తేడాతో లేచేలా చేసుకోవాలి. మోటారుకు 2 కేవీఏఆర్ సైజు కెపాసిటర్ బిగిస్తే లైనులో ఆంపియర్లు కొంత తగ్గుతాయి.

ఫ్యూజు పోయిన చోట దొరికిన అల్యూమినియం పోగు చుడితే, ఫ్యూజు బదులు కాయిల్ కాలుతుంది. ఆ ఫ్యూజు వేయడం లైన్‌మన్ పని. ఏబీ స్విచ్ (స్తంభం మీద లైను తెంచే స్విచ్) దించకుండా, లైనును ఎర్త్ చేయకుండా దిమ్మె ఎక్కినవాళ్ల ప్రాణాలు పోతున్నాయి.

ఎర్త్ గుంతల సంగతి మరీ అన్యాయం. రాతి నేలలో ఎండాకాలానికి గుంత ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలో పిడుగు దెబ్బను అరెస్టర్ (దాన్ని నేలకు మళ్లించే పరికరం) నేలలోకి దింపలేక హెచ్‌టీ కాయిల్‌కే వదిలేస్తుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వేసవంతా నీళ్లు పోస్తూ, పైపు దగ్గరి క్లాంపును గీకి బిగించి పెడితే, మొదటి చుట్లు మాడే కేసులు తగ్గుతాయి.